.38 స్పెషల్ తూటాలు ఇంట్లో రీలోడ్ చేసుకోవడం ఎలా

అమెరికాలో రివాల్వర్‌తో సరదాగా టార్గెట్ షూటింగ్ చేసేవాళ్లకి మొదట తగిలే దెబ్బ తుపాకీ ధర కాదు, తూటాల ఖర్చు. శనివారం పొద్దున షూటింగ్ రేంజికి వెళ్లి రెండు డబ్బాలు, అంటే వంద తూటాలు కాల్చి వస్తే చేతిలో మిగిలేది చిల్లులు పడ్డ కాగితమూ క్రెడిట్ కార్డు బిల్లూ. 9 ఎం.ఎం. పిస్టల్ తూటా అయితే షాపులో చవగ్గానే దొరుకుతుంది కాబట్టి రీలోడ్ చేసినా, అంటే కాల్చేసిన తూటా గొట్టాన్ని మళ్లీ నింపుకున్నా, పెద్దగా మిగలదు. .38 స్పెషల్ అనే రివాల్వర్ తూటా సంగతి వేరు. అది కొంటే ఖరీదు, ఇంట్లో నింపుకుంటే చవక, పైగా కొత్తగా నేర్చుకునేవాళ్లకి అంతకన్నా అనువైన తూటా ఇంకోటి లేదని నా అభిప్రాయం. నేను టెక్సస్‌లో ఉంటాను, కొన్నేళ్లుగా నా తూటాలు నేనే నింపుకుంటున్నాను. ఎలా చేస్తానో, ఎక్కడ జాగ్రత్తపడతానో మొత్తం చెప్తాను.

ముందు చట్టం, ఎందుకంటే మన తెలుగువాళ్లలో చాలామందికి ఇది తెలియదు. మీరు హెచ్1బీ మీదో ఎఫ్1 మీదో ఉంటే, అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం కొన్ని మినహాయింపులు తప్ప తుపాకీ గానీ తూటాలు గానీ మీ దగ్గర ఉండకూడదు. ఆ మినహాయింపుల్లో ఎక్కువమంది వాడేది చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్. ఫ్రెండ్ తుపాకీయే కదా, నేను తూటాలు మాత్రమే చేస్తున్నా కదా అనుకుంటే కుదరదు, తూటాలు కూడా ఆ చట్టం కిందకే వస్తాయి. గ్రీన్ కార్డు, సిటిజన్‌షిప్ ఉన్నవాళ్లు సొంత వాడకానికి రీలోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, కానీ చేసినవి అమ్మాలంటే లైసెన్స్ తప్పనిసరి. మీ స్టేట్ రూల్స్ విడిగా చూసుకోండి. ఇండియాలో ఉండి చదువుతున్నవాళ్లు దయచేసి ఇది చేయకండి. అక్కడ 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. షూటింగ్ మీద ఇష్టం ఉంటే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ఉంది, దానికి రీలోడింగ్ అవసరమే లేదు. హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ ఆడే 25 మీటర్ల పిస్టల్‌లో వాడేది .22 రిమ్‌ఫైర్, అది ఎవరూ రీలోడ్ చేయరు కూడా, ఎందుకంటే దాంట్లో అంటుకునే మసాలా విడి ముక్కలా కాకుండా తూటా అంచు మడతలోనే ఉంటుంది.

మాటల దగ్గర ఒక చిన్న సర్దుబాటు. మనం తూటా మొత్తాన్నీ బుల్లెట్ అనేస్తాం. రీలోడింగ్‌లో అలా అంటే గందరగోళం. తూటాలో నాలుగు భాగాలు: ఇత్తడి గొట్టం (కేస్), దాని అడుగున చిన్న బొత్తాంలా ఉండి దెబ్బకి అంటుకునే ప్రైమర్, లోపల పౌడర్ (మందుగుండు పొడి), పైన ముందుకెళ్లే గుండు, అదే బుల్లెట్. కాల్చాక ప్రైమర్ చస్తుంది, పౌడర్ కాలిపోతుంది, గుండు వెళ్లిపోతుంది, కేస్ మాత్రం మిగులుతుంది. ఖరీదైన భాగం అదే, దాన్నే మళ్లీ మళ్లీ వాడతాం. .38 లాంటి తక్కువ ప్రెషర్ తూటాల్లో ఒక కేస్ చాలాసార్లు పనికొస్తుంది.

ఖర్చు లెక్క ఇలా వేసుకోండి. పౌడర్‌ని గ్రెయిన్ అనే చిన్న బరువు కొలతలో తూస్తారు, పౌండు పౌడర్‌లో 7000 గ్రెయిన్లు ఉంటాయి. తూటాకి నాలుగు గ్రెయిన్లు పడుతుందనుకుంటే (ఇది లెక్క కోసమే, దీన్ని కొలతగా తీసుకోకండి) పౌండుకి 1750 తూటాలు. పౌండు 40 డాలర్లు అనుకున్నా తూటాకి రెండున్నర సెంట్లు కూడా పడదు. ప్రైమర్ ఎనిమిది సెంట్లు, కోటింగ్ వేసిన సీసం గుండు పది సెంట్లు అనుకోండి, మొత్తం ఇరవై సెంట్ల చుట్టుపక్కల తేలుతుంది. ధరలు మారుతుంటాయి, 2020, 2021లో ప్రైమర్లు దొరక్కపోవడం అందరం చూశాం, అందుకని మీ ఊరి ధరలు పెట్టి మీరే లెక్క కట్టండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, పౌడర్ అన్నిటికన్నా చవకైన భాగం. దాని దగ్గర కక్కుర్తి పడాల్సిన పనే లేదు. గుండ్ల దగ్గర మిగుల్చుకోండి. రాగి తొడుగున్నవి కాగితానికి అనవసరం, కోటింగ్ వేసిన సీసం చాలు. పౌడర్, ప్రైమర్లు ఆన్‌లైన్లో కొంటే హజ్‌మ్యాట్ (ప్రమాదకర సరుకు) చార్జీ అదనంగా పడుతుంది, కాబట్టి నలుగురు కలిసి ఒకే ఆర్డర్ పెట్టుకోవడం మేలు.

ఏం కొనాలి

ఒక సింగిల్ స్టేజ్ ప్రెస్, అంటే ఒక దెబ్బకి ఒకే పని చేసే ప్రెస్. లీ, ఆర్‌సీబీఎస్, హార్నడీ ఏ కంపెనీదైనా పర్వాలేదు, సెకండ్ హ్యాండ్‌దైనా ఫర్వాలేదు, ఎందుకంటే ఇనుప దిమ్మలాంటి ఆ ప్రెస్సులు తరాలు నిలబడతాయి. హ్యాండిల్ తిప్పితే తూటా వచ్చి పడే ప్రోగ్రెసివ్ ప్రెస్ మొదట్లోనే కొనకండి, అది ఒకేసారి నాలుగైదు పనులు చేస్తుంది, కొత్తవాళ్ల కన్ను అన్నిటి మీదా ఉండదు. .38 కి కార్బైడ్ డై సెట్ (ప్రెస్‌కి బిగించే అచ్చులు) తీసుకోండి, కార్బైడ్ అయితే కేసులకి నూనె రాయక్కర్లేదు. తర్వాత కేసుని ప్రెస్‌లో పట్టుకునే షెల్ హోల్డర్, ప్రతిసారీ ఒకే కొలత పౌడర్ పోసే పౌడర్ మెజర్, తక్కెడ, తక్కెడని సరిచూసుకునే తూకపు బిళ్లలు, పొడవు కొలిచే క్యాలిపర్, యాభై గుంటల లోడింగ్ బ్లాక్, తప్పు చేసిన తూటాని విప్పడానికి సుత్తిలాంటి పుల్లర్, కళ్లద్దాలు. ఒక మంచి టార్చ్ కూడా.

అన్నిటికన్నా ముందు ఒక లోడింగ్ మాన్యువల్ కొనండి. లైమన్, హార్నడీ, లీ, అందరూ వేస్తారు. పౌడర్ కంపెనీలు కూడా తమ సైట్లలో లోడ్ డేటా ఉచితంగానే పెడతాయి. ఏ గుండుకి ఏ పౌడర్ ఎన్ని గ్రెయిన్లు అన్నది నేనిక్కడ కావాలనే చెప్పడం లేదు. యూట్యూబ్ కామెంట్లో, వాట్సాప్ గ్రూపులో ఎవరో రాసిన కొలతని నమ్మి నింపకండి. ఒక్క అంకె తప్పు టైప్ అయినా పోయేది మీ వేళ్లే.

కేసులు ఏరడం, కడగడం

రివాల్వర్‌తో సుఖం ఏంటంటే కేసులు గాల్లోకి ఎగిరిపోవు, ఎజెక్టర్ (కేసుల్ని బయటికి తోసే కడ్డీ) నొక్కితే మీ అరచేతిలోనే పడతాయి. రేంజ్ నేల మీదవి ఏరుకునే ముందు అడగండి, కొన్ని రేంజులు కింద పడ్డ ఇత్తడి మాదే అంటాయి. కొన్ని రేంజులు రీలోడ్ చేసిన తూటాలనే రానివ్వవు, అది కూడా ముందే కనుక్కోండి.

ఇంటికొచ్చాక ఒక్కో కేసు అడుగున రాసింది చదవండి. .357 మ్యాగ్నమ్ కేసులు అచ్చం .38 లాగే ఉంటాయి, కొంచెం పొడుగు, అంతే. మూతి దగ్గర సన్నటి చీలిక ఉందా అని వేలి గోరుతో తడమండి. ఒక చిట్కా ఏంటంటే గుప్పెడు కేసుల్ని అరచేతుల్లో గలగలలాడించండి, మంచి కేసు గంట మోగినట్టు ఖంగుమంటుంది, చీలింది బద్దగా చప్పుడు చేస్తుంది. చీలినవి, ఉబ్బినవి, అల్యూమినియంవి, స్టీల్‌వి పక్కన పడేయండి. లోపలికి చూడండి, అడుగున మధ్యలో ఒకే రంధ్రం ఉండాలి. రెండు చిన్న రంధ్రాలుంటే అది బెర్డాన్ రకం, మనకి పనికిరాదు.

కడగడం విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. చాలామంది మొక్కజొన్న కండెల పొట్టులో వేసి మెషీన్‌లో తిప్పుతారు, కేసులు మెరుస్తాయి గానీ ఆ దుమ్ములో సీసం ఉంటుంది. మామూలు ప్రైమర్ల మసాలాలోనే సీసం ఉంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ దుమ్ము లేపకండి. నేను నీళ్లు, కొంచెం గిన్నెల సబ్బు, చిటికెడు నిమ్మ ఉప్పు, సన్నటి స్టీల్ పిన్నులు వేసి తిప్పే డబ్బా వాడతాను. ఆ గిన్నెలు, ఆ బకెట్టు వంటింటి వైపు రానివ్వను. కేసులు ముట్టుకున్న చేతులు సబ్బుతో చన్నీళ్లతో కడుక్కునేదాకా ఏమీ తినకండి, రేంజికి వేసుకెళ్లిన బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతక్కండి. తర్వాత కేసులు పూర్తిగా ఆరాలి, లోపల ఒక్క నీటి చుక్క ఉన్నా పౌడర్ పాడవుతుంది. టెక్సస్ ఎండలో మధ్యాహ్నం టవల్ మీద ఆరబోస్తే సాయంత్రానికి చాలు.

సైజింగ్, ప్రైమర్, మూతి తెరవడం

కాల్చినప్పుడు కేస్ కొంచెం ఉబ్బుతుంది. సైజింగ్ డైలోకి తోస్తే మళ్లీ పాత కొలతకి వస్తుంది, అదే దెబ్బకి డై మధ్యలో ఉన్న సూది పాత ప్రైమర్‌ని కిందకి తోసేస్తుంది. యాభై కేసులూ ఈ ఒక్క పనీ పూర్తయ్యాకే తర్వాతి పనికి వెళ్లండి. సింగిల్ స్టేజ్ ప్రెస్‌తో లాభం ఇదే, చేతికి ఒకే పని, కంటికి ఒకే తప్పు వెతకడం.

ప్రైమర్ పెట్టేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి. చేతికి నూనె ఉండకూడదు. .38 కి స్మాల్ పిస్టల్ ప్రైమర్లు. చేత్తో నొక్కే పరికరం ఉంటే ప్రైమర్ గుంటలోకి దిగి అడుగు తగలడం వేళ్లకి తెలుస్తుంది, ప్రెస్ మీద అంత తెలియదు. పెట్టాక చూపుడు వేలు కొస అడుగు మీదుగా పోనివ్వండి, ప్రైమర్ కేస్ అడుగు కన్నా వెంట్రుకవాసి లోపలికి ఉండాలి. పైకి ఉంటే రివాల్వర్ సిలిండర్, అంటే తూటాలు పెట్టే గుండ్రటి భాగం, తిరగదు. నున్నటి గాజు పలక మీద కేసుల్ని నిలబెడితే ఎత్తుగా ఉన్నది అటూ ఇటూ ఊగుతుంది, వెంటనే దొరికిపోతుంది. ఎత్తుగా ఉన్నదాన్ని పౌడర్, గుండు పెట్టేశాక మాత్రం ఎప్పుడూ మళ్లీ నొక్కకండి. ఆ తూటా విప్పేయడమే.

తర్వాత మూతి కొంచెం తెరవాలి, గుండు అడుగు దాని మీద కూర్చునేంత. ఎక్కువ తెరిస్తే మూతి తొందరగా చీలుతుంది, తక్కువైతే సీసం గుండు దిగేటప్పుడు అంచు గీరుకుపోతుంది.

పౌడర్: ఇక్కడ నిదానం

ఇంతదాకా తప్పు చేస్తే ఒక కేసు పోతుంది, అంతే. ఇక్కడ తప్పు చేస్తే తుపాకీ, చెయ్యి, పక్క లేన్‌లో ఉన్న మనిషి.

గ్రెయిన్ అంటే దాదాపు 65 మిల్లీగ్రాములు. మన కంసాలులు బంగారం తూచిన గురివింద గింజ గుర్తుందా, అది సుమారు 0.12 గ్రాములు, అంటే రెండు గ్రెయిన్లకి కాస్త తక్కువ. .38 లో పడే పౌడర్ మొత్తం రెండు మూడు గురివింద గింజల బరువే. సరిగ్గా అందుకే ప్రమాదం. .38 స్పెషల్ కేస్ 1898 నాటిది, మొదట బ్లాక్ పౌడర్ అనే పాతకాలపు మందుగుండు కోసం చేశారు, అది చాలా చోటు తీసుకునేది. ఇప్పటి పౌడర్ గొట్టం అడుగున ఏ మూలో కూర్చుంటుంది. పొరపాటున రెండుసార్లు పోసినా పైకి పొంగదు, గుండు చక్కగా కూర్చుంటుంది, పైనుంచి చూస్తే తేడా తెలియదు. కాబట్టి మాన్యువల్లో మీ గుండుకి చెప్పిన పౌడర్లలో ఎక్కువ చోటు తీసుకునేదాన్ని ఎంచుకోండి, రెండుసార్లు పోస్తే కంటికి కొట్టొచ్చినట్టు కనిపించాలి.

బల్ల మీద ఒకే ఒక్క పౌడర్ డబ్బా ఉండాలి, ఇంకో డబ్బా అల్మారాలోనే. పేర్లలో ఒక అక్షరం, ఒక అంకె తేడా ఉంటే అది వేరే పౌడర్. పని అయ్యాక మెజర్‌లో మిగిలింది అదే డబ్బాలో పోసేయండి. మర్నాడు మెజర్‌లో ఏదో పౌడర్ కనిపించి ఏదో గుర్తులేకపోతే దాన్ని వాడకండి, పారేయండి, డాలరు కూడా చేయదు.

తక్కెడని బిళ్లలతో సరిచూసుకోండి. ఫ్యాన్ ఆపేయండి, ఏసీ గాలి బల్ల మీదకి రాకుండా చూసుకోండి, ఆ చిన్న గాలికి డిజిటల్ తక్కెడ అంకెలు కదులుతాయి. మాన్యువల్లో చెప్పిన మొదటి కొలత, అంటే అతి తక్కువది, దాంతోనే మొదలుపెట్టండి. మెజర్ సెట్ చేశాక ఒక్కసారి తూచి వదిలేయకండి, పదిసార్లు పోసి మొత్తం తూచి పదితో భాగించండి, అప్పుడు సగటు తెలుస్తుంది. తర్వాత ప్రతి పది కేసులకీ ఒకటి తూచండి.

పోసే పద్ధతి ఇది. ఖాళీ కేసులన్నీ ఎడమవైపు బోర్లా ఉంటాయి. ఒకటి తీసి, తిప్పి, పౌడర్ పోసి, కుడివైపు బ్లాక్‌లో నిలబెట్టండి. మూతి పైకి ఉన్నది అంటే పౌడర్ పడ్డది, బోర్లా ఉన్నది అంటే ఖాళీ, మధ్యలో ఇంకో స్థితి లేదు. యాభై అయ్యాక టార్చ్ తీసుకుని బ్లాక్ మీద వరసగా ఒక్కో గుంటలోకీ చూడండి. వరి మడిలో నీటిమట్టం చూసినట్టు చూడాలి, అన్నిట్లో ఒకే ఎత్తు ఉందా, ఎక్కడైనా చీకటిగా లోతుగా ఉందా, ఎక్కడైనా ఎత్తుగా ఉందా. .38 గొట్టం లోతు కాబట్టి కంటికి అనుమానం వస్తే సన్నటి చెక్క పుల్ల మీద గీత గీసి దించి చూడండి. ఈ టార్చ్ చూపు అవ్వకుండా ఒక్క గుండు కూడా పెట్టకండి.

ఇది ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. నేను మొదలుపెట్టిన కొత్తలో పౌడర్ పోస్తుండగా ఇండియా నుంచి అమ్మ ఫోన్ చేసింది. కుడి చేత్తో మెజర్, ఎడమ చేత్తో ఫోన్. పది నిమిషాలు మాట్లాడి ఆపిన చోటు నుంచే మొదలుపెట్టాననుకున్నాను, టార్చ్ చూడలేదు. ఆ వారం రేంజిలో మూడోసారి నింపిన సిలిండర్లో నాలుగో తూటాకి పెద్ద చప్పుడు రాలేదు, ‘ఠప్’ అని చిన్నగా, ఎవరో పక్కన అట్టపెట్టె మూత వేసినట్టు. చేతికి తన్నలేదు, కాగితం మీద చిల్లు లేదు. నా వేలు అప్పటికే ట్రిగ్గర్ మీద మళ్లీ బిగుస్తోంది, పక్క లేన్ పెద్దాయన ఆగమని అరిచారు. గుండు బ్యారెల్లో అంగుళం లోపల ఇరుక్కుని ఉంది. పౌడర్ లేని తూటాలో ప్రైమర్ ఒక్కటే దాన్ని అంతదూరం తోసింది. దాని వెనక ఇంకోటి కాల్చి ఉంటే బ్యారెల్ ఉబ్బడమో పగలడమో జరిగేది. అప్పటి నుంచి పౌడర్ పోసే అరగంట ఫోన్ ఇంకో గదిలో పెడతాను, ఎవరైనా పిలిస్తే లేచే ముందు చేతిలో ఉన్న కేసులో పౌడర్ వెనక్కి డబ్బాలో పోసేసి వెళ్తాను.

చప్పుడు తేడాగా ఉంటే ఏం చేయాలో కూడా ఇక్కడే చెప్తా. ట్రిగ్గర్ వదిలేయండి. తుపాకీని టార్గెట్ వైపే పట్టుకుని ముప్పై సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది. తర్వాత ఖాళీ చేసి బ్యారెల్ చూడండి. సిలిండర్ తెరుచుకోకపోతే బలవంతం చేయకుండా రేంజ్ ఆఫీసర్‌ని పిలవండి. ఇరుక్కున్న గుండుని ఇంకో తూటా కాల్చి తోసేద్దాం అన్న ఆలోచనే రానివ్వకండి.

గుండు కూర్చోబెట్టడం

డైని నెమ్మదిగా కిందకి సర్దుకుంటూ మాన్యువల్ చెప్పిన మొత్తం పొడవు వచ్చేదాకా క్యాలిపర్‌తో కొలవండి. .38 స్పెషల్ తూటా గరిష్ఠ పొడవు 1.550 అంగుళాలు, కానీ మీ గుండుకి మాన్యువల్ చెప్పిన పొడవే మీకు లెక్క. గుండు లోతుగా దిగితే లోపల చోటు తగ్గి ప్రెషర్ పెరుగుతుంది. గుండు రకం మారిస్తే, సీసం నుంచి రాగి తొడుగుకో, 158 గ్రెయిన్ల బరువు నుంచి 148 కో, పేజీ కూడా మార్చి మొదటి కొలత నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

కాగితానికి మాత్రమే కాల్చేవాళ్లు 148 గ్రెయిన్ల వాడ్‌కట్టర్ రకం గుండు ఒకసారి వాడి చూడండి. మొహం చదునుగా ఉంటుంది, ఆఫీసులో కాగితాలకి పంచింగ్ మెషీన్ కొట్టినట్టు గుండ్రంగా చిల్లు పడుతుంది, స్కోరు లెక్కపెట్టడం సుఖం. ఇది దాదాపు కేస్ మూతి దాకా లోపలికి దిగుతుంది కాబట్టి దానికి చెప్పిన డేటా తప్ప వేరేది వాడకూడదు.

చివరగా క్రింప్, అంటే తెరిచిన మూతిని గుండు మీద ఉన్న గాడిలోకి కొంచెం ముడవడం. రివాల్వర్ తన్నినప్పుడు సిలిండర్లో మిగతా తూటాల గుండ్లు ముందుకి జారకుండా ఇది పట్టుకుంటుంది. కూర్చోబెట్టడం, క్రింప్ ఒకే డైతో ఒకే దెబ్బలో చేయొచ్చు గానీ కొత్తలో రెండు విడి పనులుగా చేయండి, సర్దుకోవడం తేలిక.

మొదటి ఐదు

యాభై చేసినా మొదట ఐదు మాత్రమే కాల్చండి, ఒక్కోటి కాల్చి ఆగి, చిల్లు కాగితం మీద పడిందని చూసి తర్వాతది. కేసులు సిలిండర్ నుంచి తేలిగ్గా జారాలి, ఎజెక్టర్‌ని అరచేత్తో కొట్టాల్సి వస్తే ఆపేయండి. ప్రైమర్ చదునైతే ప్రెషర్ ఎక్కువని అంటుంటారు, కానీ .38 లాంటి తక్కువ ప్రెషర్ తూటాలో దాన్ని నమ్ముకోలేం, అది కనిపించేసరికే గీత దాటి ఉంటారు. దొరికితే గుండు వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ పెట్టి ఆ వేగం మాన్యువల్‌తో పోల్చండి. ఇంకా మెత్తగా ఉంటే బావుంటుందని మొదటి కొలత కన్నా తగ్గించకండి, ముఖ్యంగా రాగి తొడుగు గుండ్లు బలం చాలక బ్యారెల్లో ఆగిపోతాయి. మీరు చేసినవి మీ తుపాకీలోనే కాల్చండి, ఇతరులు చేసినవి ఎంత దగ్గరివాళ్లవైనా తీసుకోకండి. చాలా తుపాకీ కంపెనీలు రీలోడ్ల వల్ల పాడైతే వారంటీ ఇవ్వవు, అది కూడా తెలిసి ఉండాలి.

పౌడర్, ప్రైమర్లు వాటి అసలు డబ్బాల్లోనే ఉంచండి, గాజు సీసాల్లోకి మార్చకండి. గ్యారేజీలో వద్దు, ఇక్కడి జులై వేడికి ఆ గది పొయ్యిలా అవుతుంది. ఇంట్లో చల్లగా, పొడిగా ఉండే అల్మారాలో, పిల్లలకి అందకుండా తాళం వేసి, వాటర్ హీటర్‌కి దూరంగా. ప్రతి యాభై తూటాల డబ్బా మీద ఒక చీటీ అంటించండి: తేదీ, పౌడర్ పేరు, గ్రెయిన్లు, ప్రైమర్ కంపెనీ, గుండు రకం, బరువు, మొత్తం పొడవు, ఎన్నోసారి వాడుతున్న కేసులు. చీటీ లేని డబ్బా దొరికితే నేను కాల్చను, కూర్చుని పుల్లర్‌తో ఒక్కోటీ విప్పి, గుండ్లు, కేసులు దాచుకుని, పౌడర్ పారేస్తాను.